పలికే వరస

సంచి నేలమీద నోరు తెరుచుకుని ఉంది. దాని ముందు మోకాళ్ళమీద కూచుని సూదక్క వేణువుల్ని ఒక్కొక్కటిగా లోపల పడుకోబెడుతోంది. పెట్టడం కాదు, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టే. ఒక్కోదానికి ఒక్కో మెత్తటి తొడుగు, తొడుగు మూతికి లాగితే బిగిసే తాడు, అన్నీ ఆమె కుట్టినవే. ఎడారి మనుషుల రెల్లు వేణువు ఎండితే పగులుతుంది, అందుకని దాని తొడుగుకి లోపల నూనె గుడ్డ. గొర్రెల కాపరుల నిలువెత్తు వేణువు రెండు ముక్కలుగా విడుతుంది. ఆ రెండూ రాసుకోకుండా మధ్యలో దూది కూరిన పట్టీ. ద్వీపాల వాళ్ళు ముక్కుతో ఊదే వేణువు పొట్టిది, లావుది. అది ఉన్ని మేజోడులో ఒదిగిపోయింది. గద్ద రెక్క ఎముకతో చేసిన జానెడు వేణువు మాత్రం సంచిలోకి వెళ్ళదు. అది తమ్ముడి చొక్కా లోపలి జేబులో, ఒంటి వేడికి ఆనుకుని ప్రయాణం చెయ్యాలి. ఆ జేబూ ఆమె కుట్టిందే.

ఆమె దర్జీ. దారం ఎక్కించిన సూది ఒకటి పొద్దున లేచింది మొదలు కాలరుకి గుచ్చుకుని తిరుగుతుంది గనక వీధి వీధంతా ఆమెకి సూదక్క అని పేరు పెట్టేసింది. తమ్ముణ్ణి గొట్టాలాయన అంటారు. ఇద్దరికీ జుట్టు నెరిసింది. కింద గడియారాలు బాగుచేసే ఆయన కొట్టు, పైన వీళ్ళ రెండు గదులు, వెనక వంటగది.

తమ్ముడు కిటికీకి ఆనుకుని ప్రయాణం గురించి చెబుతున్నాడు. ఆమె వింటూనే మధ్యమధ్య మందులు పెట్టానా, ఉన్ని కోటు పెట్టానా అని తనని తానే అడుగుతూ సంచి అడుగుదాకా చెయ్యి పోనిచ్చి చూసుకుంటోంది. పెట్టావక్కా, పెట్టి తీసి మళ్ళీ పెట్టావు అన్నాడతను. ఊళ్ళోని సంగీత సభ వాళ్ళు పంపిస్తున్నారు. ఈ వారం చివర్న బయల్దేరాలి. దారిలో ఎన్నో ఊళ్ళు, అన్నిటికన్నా చివర కొండల ఊరు. జంట వేణువు పుట్టింది ఆ కొండల్లోనే. ఎవరో పరాయి మనిషి మా వేణువు ఊదుతాడట, రమ్మనండి విందాం అని అక్కడి పెద్దలు కబురు చేశారు. ఆ మాట చెప్పేటప్పుడల్లా తమ్ముడి గొంతు చిన్నపిల్లాడిదైపోతుంది. ఇన్నేళ్ళూ ఊదిందంతా ఆ ఒక్క పూట కోసమే అన్నట్టు చూస్తాడు.

జంట వేణువంటే ఒకటి కాదు, రెండు. పొట్టీ పొడుగూ రెల్లు గొట్టాల్ని పక్కపక్కన కట్టిన రెండు వరసలు. పాటకి కావలసిన స్వరాల్లో ఒకటి విడిచి ఒకటి ఈ వరసలో ఉంటే, మిగతావి ఆ వరసలో ఉంటాయి. మనిషి ఎంత మొనగాడైనా ఒక్క వరసతో పాట పూర్తి చెయ్యలేడు. ఒకరు పిలవాలి, ఒకరు పలకాలి. రెండూ కలిపి కట్టుకుని ఒక్కడే ఊదుకోవచ్చు కదా అంటే కొండల మనుషులు ఒప్పుకోరు. పాట మొత్తం ఒకడి చేతిలో ఉండకూడదని వాళ్ళ కట్టుబాటు. తమ్ముడికి నేర్పిన కొండల ముసలాయన, నీకు జత ఎవరున్నారని ముందు అడిగాడట. ఎవరూ లేరంటే వరస చేతికివ్వడు. మా అక్క ఉందన్నాడు తమ్ముడు. అక్కకి అప్పటికి ఈల వెయ్యడం కూడా రాదు.

ఆ పలికే వరస వంటగదిలో మేకుకి వేలాడుతుంటుంది. తమ్ముడు లోపలికి వెళ్ళి దాన్ని తీసుకొచ్చాడు.

"ఇది కూడా పెట్టక్కా."

ఆమె చెయ్యి సంచిలోనే ఆగిపోయింది. అప్పుడు బయటపెట్టాడు అసలు సంగతి. సభ కార్యదర్శి చేసిన ఏర్పాటు అది. అక్క వాటాని రేపు పాట వినిపించే పెట్టెలోకి రికార్డు చేస్తారు. వేదిక మీద అతను పిలుస్తుంటే పెట్టె పలుకుతుంది. వరసని మాత్రం జనం చూడ్డానికి బల్లమీద ఉంచుతారు.

"పెట్టె తప్పు చెయ్యదటక్కా."

"నేను చేస్తానన్నారా?"

"నువ్వు చేస్తావని ఎవరన్నారు? నీకు టిక్కెట్టు లేదన్నారు, అంతే."

అతను నవ్వాడు గానీ ఆమె వైపు చూడలేదు. ఆమె వరసని ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. దీనికి తొడుగు లేదు. గడప దాటిందెప్పుడు గనక! మిషను దగ్గరికి వెళ్ళి, ముక్కల బుట్టలోంచి బూడిదరంగు ఉన్ని గుడ్డ ఏరి, గొట్టాల పొడుగు కొలిచి, ఏటవాలుగా కత్తిరించడం మొదలుపెట్టింది. కోపం వచ్చినా, దిగులొచ్చినా ఆమె చేతులు చేసేది అదొక్కటే.

సాయంత్రం ఎప్పట్లాగే వంటగదిలో ముక్కాలి పీటల మీద ఎదురెదురుగా కూచున్నారు. పొయ్యి మీద నీళ్ళు పెట్టి ఉన్నాయి. తమ్ముడు మొదటి స్వరం పిలిచాడు, ఆమె రెండోది పలికింది. ఎన్నేళ్ళుగా ఊదుతున్నా ఆమెకి ఈ ఒక్క చోట ఒళ్ళు జలదరించడం మానదు. పాట తన నోట్లోంచి రావడం లేదు. తమ్ముడి నోట్లోంచీ రావడం లేదు. తనవి తెగిన పూసలు, వాడివీ తెగిన పూసలే. కానీ పొయ్యికీ అలమరకీ మధ్య, ఇద్దరి మోకాళ్ళకి పైన, ఎవరూ లేని చోట ఒక పాట నిలబడి తిరుగుతోంది. ఎవరిదది? గిన్నెల అంచులు సన్నగా మోగుతున్నాయి. కాగే నీళ్ళు కూడా గొంతు తగ్గించినట్టు అనిపిస్తుంది ఆమెకి. దేవుడనేవాడు ఉంటే ఇలా ఇద్దరి మధ్యనే ఉంటాడు కాబోలు, ఒక్కరి దగ్గర ఉండడు కాబోలు అనుకుంటుంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని.

పాట అయ్యాక నీళ్ళకని కిందికి దిగితే గడియారాలాయన కంటికి అద్దం బిగించుకునే పలకరించాడు. ఆయనకి నోరూరుకోదు.

"మీ పాట వినీ వినీ నా గడియారాలు కూడా నింపాదిగా నడుస్తున్నాయి సూదక్కా. జనం వచ్చి నన్ను తిడుతున్నారు."

తిట్టించుకోండి, మీకూ పొద్దుపోవాలిగా అని ఆమె బిందె నింపుకుని పైకి వచ్చేసింది.

*

రికార్డింగు గది గోడలకి మెత్తటి దిండ్లలాంటివి అతికించారు. తలుపు మూస్తే తన గుండె చప్పుడు తనకే వినపడేంత నిశ్శబ్దం. రికార్డు చేసే శబ్దాలాయన బట్టతలా బొజ్జా ఉన్న మనిషి, ఎప్పుడూ ఏదో కూనిరాగం తీస్తుంటాడు. పెట్టెతో పాటు ఊరూరూ వెళ్ళేదీ ఆయనే. ఆమె చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, లోపల టక్‌టక్‌మని తాళం వినిపిస్తుంది, దానితో పాటు ఊదండమ్మా, అంతకన్నా ఏమీ లేదు అన్నాడు.

అంతకన్నా ఏమీ లేకపోవడమే కష్టమైంది. ఆ టక్‌టక్ ఎవరినీ పిలవదు. పిలవనిదే పలకడం ఎలాగో ఆమెకి తెలీదు. ఒకసారి ముందు పడింది, ఒకసారి వెనకపడింది. శబ్దాలాయన చిరాకు పడలేదు. తాళం ఆపేసి టీ తెప్పించాడు. మధ్యలో మీ ఊపిరి గరగరమంటోంది, మైకులో పడుతోందమ్మా, దాన్ని నేను తుడిచేస్తాలెండి అన్నాడు. ఆమె సిగ్గుపడి, మిషను తొక్కీ తొక్కీ అలా అయిందంది.

చివరికి ఆమే అడిగింది, తమ్ముణ్ణి ఎదురుగా కూచోబెట్టండి, వాడు చప్పుడు చెయ్యకపోయినా ఫరవాలేదు అని. తమ్ముడు వచ్చి కూచున్నాడు. పిలిచే వరసని పెదవులకి ఆనించి, ఊపిరి వదలకుండా, ఉత్తుత్తినే ఊదాడు. భుజాలు లేచాయి, దిగాయి. ఆ భుజాలకి ఆమె పలికింది. మొదట్నించి చివరిదాకా ఒక్క తప్పు లేకుండా వచ్చేసింది.

"అయిపోయింది, అమ్మయ్య" అని శబ్దాలాయన దాన్ని తిరిగి వినిపించాడు.

ఆమె తన వాటాని ఒంటరిగా వినడం అదే మొదలు. ఒక స్వరం, ఖాళీ. ఒక స్వరం, ఖాళీ. పళ్ళూడిన నోరులా ఉందని నవ్వబోయింది. శబ్దాలాయన నవ్వలేదు. అద్దం పలక మీద ఆ పాట గీతలు గీతలుగా కనిపిస్తోంది. ఆయన వేలుపెట్టి చూపించాడు. ఇక్కడ ఆగారు చూడండమ్మా. ఇక్కడా. ఇక్కడ ఇంకాస్త ఎక్కువ. పాట మొదట్లో జానెడున్న ఖాళీ చివరికొచ్చేసరికి మూరెడైంది. ఎందుకాగుతున్నారు?

ఆగడం లేదు బాబూ అనబోయింది ఆమె. చెవులకి ఆ ఖాళీలు మళ్ళీ వినిపించాయి. అవి తనవి కావు. ఒక్కో ఖాళీలో ఒక మనిషి ఊపిరి అందక, అందినంత తీసుకుని, సరే ఇప్పుడు అని తల ఎత్తడం కళ్ళకి కట్టింది. ఆ మనిషి కోసం తను ఆగుతోంది. నిన్నా మొన్నా మొదలైంది కాదు. గుడ్డ ఉతికిన కొద్దీ కుంచించుకుపోయినట్టు, వాడి ఊపిరి కొంచెం కొంచెం తగ్గుతుంటే, తను కొంచెం కొంచెం జరిగి చోటిస్తూ వచ్చింది. ఎదురెదురుగా కూచున్న ఇద్దరికీ తెలీలేదు. వంటగదిలో గడియారం కూడా లేదాయె.

ఆమె తమ్ముడి వైపు చూసింది. అతను తన బూటు ముక్కు వైపు చూస్తున్నాడు.

శబ్దాలాయన మంచివాడే, ఆయన పని ఆయన చేశాడు. ఇదేం పెద్ద పని కాదమ్మా అంటూ ఖాళీలన్నీ ఒకే కొలతకి కత్తిరించి, పాటని నున్నగా దువ్వి పెట్టాడు. దానితో కలిపి తమ్ముడు ఒకసారి ఊదిచూశాడు. సగందాకా బాగానే నడిచింది. తర్వాత పెట్టె ఒకచోట, అతనొకచోట. దగ్గొచ్చిందని, గొంతులో దుమ్ము పడిందని చెప్పాడు. ఇంట్లో నాలుగుసార్లు సాధన చేస్తే అదే అలవాటవుతుందని, చూడ్డానికొచ్చిన కార్యదర్శి ధైర్యం చెప్పి పంపింది.

*

మర్నాడు ఆమె మిషను ముందు కూచుని ఒక కోటు అంచు మడుస్తూ, చెవి మాత్రం మెట్ల మీదే ఉంచింది. తమ్ముడు బజారు నుంచి వస్తున్నాడు. అడుగులు గడియారాల కొట్టు ముందు ఆగాయి. రోజూ ఆగుతాయి. ఇద్దరికీ కబుర్లెక్కువ అనుకునేది ఇన్నాళ్ళూ. ఇవాళ కాలు మిషను మీంచి తీసేసి విన్నది. తమ్ముడు టైమెంతని అడిగాడు. గడియారాలాయన చెప్పాడు. తర్వాత మాటల్లేవు. చాలాసేపటికి అడుగులు మళ్ళీ కదిలాయి. తమ్ముడి మణికట్టుకి గడియారం ఉంది.

తలుపు తోసుకుని వచ్చి అతను సంచి కుర్చీలో పెట్టేదాకా ఆగింది.

"ఎన్నాళ్ళయిందిరా?"

"ఏది?"

"మెట్ల దగ్గర టైము అడగడం."

దాచడానికి ఇక చోటు లేదని అతనికీ తెలిసినట్టుంది. కూచున్నాడు. గొర్రెల కాపరుల వేణువు పైస్వరం అందడం మానేసినప్పట్నించి అన్నాడు. వైద్యుడికి చూపించుకున్నాడట. ఊపిరితిత్తులు ముసలివైపోయాయి, ఊదడం మానేస్తే ఇంకొన్నాళ్ళు బాగానే గడుస్తుందన్నాడట ఆయన.

"మరి?"

"ఊదకుండా గడిచే నాళ్ళు నేనేం చేసుకోనక్కా? గడియారాలాయనకి జీతం లేని చాకిరీ చెయ్యనా?"

ఆమెకి నవ్వు రాలేదు. అతను అరచేతులు రుద్దుకుని మెల్లిగా అన్నాడు: "పాట నెమ్మదించిందని నాకు తెలీదక్కా. నువ్వు ఆగుతుంటే, పాటే అంత అనుకున్నాను."

"నేనూ అంతే అనుకున్నాను."

వెళ్ళొద్దు అన్న మాట ఆమె పళ్ళ దాకా వచ్చింది. అనేస్తే ఎంత సేపు? వాడు మానేస్తాడు కూడా. అక్క మాటకి ఎదురు చెప్పే రకం కాదు. మానేసి, సంచి విప్పి, తొడుగులన్నీ అలమరలో సర్దుకుని, ఆ కొండల ఊరు గురించి మళ్ళీ ఎప్పుడూ ఎత్తడు. ఎత్తకుండా కిటికీ దగ్గర నిలబడతాడు. ఆ నిలబడడం ఆమెకి కనిపించింది. పళ్ళు బిగబట్టి ఆ మాటని మింగేసి, కాలరులో సూది సరిచూసుకుని, చెప్పులు వేసుకుంది.

కార్యదర్శి గది సభ భవనం పైఅంతస్తులో ఉంది. కార్యదర్శి మర్యాదగల మనిషి. లేచి కుర్చీ చూపించింది. సూదక్క కూచోకుండానే తననీ తీసుకెళ్ళమని అడిగింది. తిండీ తిప్పలూ తనవి తను చూసుకుంటానంది. కార్యదర్శి ఎంతో ఓపిగ్గా వివరించింది. చోట్లన్నీ ఎప్పుడో ఖాయమయ్యాయి. వాయించేవాళ్ళకి, ఏర్పాట్లు చూసేవాళ్ళకి, పెట్టె చూసుకునేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ లేదు.

"మీ వాటా పెట్టెలో ఉంది కదమ్మా" అంది నొప్పించకుండా. "మీరు వచ్చినట్టే అనుకోండి."

 సూదక్క తల వంచుకుంటే కార్యదర్శి కోటు చివరి గుండీ ఒక్క పోగు మీద వేలాడుతూ కనిపించింది. ఉండండి, రాలిపోతుంది అని కాలరులోంచి సూది తీసి, అక్కడే వంగి, గుండీని బిగించి, దారాన్ని పంటితో తెంపింది. కార్యదర్శి మొహం ఎర్రబడింది. థాంక్సమ్మా అంది. సూదక్క వచ్చేసింది.

*

బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం సభలో నమూనా కచేరీ. సభ్యులూ, వాళ్ళ ఇళ్ళ వాళ్ళూ, వీధి జనం కొందరూ వచ్చారు. గడియారాలాయన కొట్టు మూసి మరీ వచ్చి సూదక్క పక్కన కూచున్నాడు, ముందు వరసలో, వేదిక మెట్లకి దగ్గరగా.

తమ్ముడు ముందు ఎడారి వేణువు తీశాడు. పెదవి మూలకి ఏటవాలుగా ఆనించాడు. దాని నుంచి వచ్చేది సగం స్వరం, సగం గాలి. ఇసుక మీద ఎవరో నడిచి వెళ్ళిపోతున్నట్టు ఉంటుంది, వెళ్ళే మనిషి కనపడడు. తర్వాత ముక్కు వేణువు. పిల్లలెవరో కిసుక్కుమన్నారు, రెండు స్వరాలయ్యాక ఆ నవ్వు ఆగిపోయింది. నోరు అబద్ధాలాడుతుంది, ముక్కు ఆడదు, అందుకే మనసు చెప్పుకోవడానికి ద్వీపాల వాళ్ళు దీన్ని ముక్కుతో ఊదుతారట అని తమ్ముడు చెప్పాడు. ఆ తర్వాత జేబులోంచి ఎముక వేణువు. ఎప్పుడో చచ్చిపోయిన గద్ద రెక్క అది. అది అరిచినప్పుడు హాల్లో జనం ఒక్కసారిగా తలలెత్తి పైకప్పు వైపు చూశారు. సూదక్క కూడా చూసింది. ఆ అరుపు ఎన్ని వేలసార్లు విన్నదో, అయినా పైన ఏదో ఎగిరిపోయిందనే అనుకుంది. మనిషి ఎక్కడ పుట్టినా ముందు ఒక బోలు వస్తువు వెతుక్కుని అందులో తన ఊపిరి పోసి చూసుకున్నాడు కదా అని ఆమెకి ఆశ్చర్యం వేసింది. ఎడారిలో ఒకడు, ద్వీపంలో ఒకడు, ఒకరినొకరు ఎరగనివాళ్ళు, అందరూ అదే పని ఎలా చేశారు? ఆ అందరి వేణువుల్లోనూ ఊపిరి పొయ్యడానికి ఇక్కడ ఉన్నది ఒక్క తమ్ముడు.

జంట వేణువు వంతు వచ్చింది. పలికే వరసని బల్లమీద నిలబెట్టారు. తమ్ముడు పిలిచాడు. పెట్టె పలికింది.

బాగానే ఉంది. చాలామందికి బాగానే ఉండి ఉంటుంది. సూదక్క తన ఒళ్ళో చేతివేళ్ళు బిగించి తమ్ముడి భుజాలు చూస్తోంది. సగం దాటాక భుజాలు పైకి లేచి అక్కడే ఉండిపోయాయి. పెట్టె ఆగలేదు. తన స్వరం తను పలికేసి ముందుకెళ్ళిపోయింది. తమ్ముడు దాన్ని అందుకోబోయి, ఒకటి వదిలేసి, రెండోది పట్టుకుని, మూడోది పోగొట్టుకున్నాడు. పిలిచేవాడు ఆగిపోయినా పెట్టె పలుకుతూనే ఉంది. ఎవరూ అడగని ప్రశ్నలకి వరసగా జవాబులు చెబుతున్నట్టు ఉంది. జనం సర్దుకుని కూచున్నారు. గడియారాలాయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

పెట్టె నోరు మూయించింది శబ్దాలాయనే. ఎవరి వైపూ చూడకుండా మీట కిందికి నొక్కేశాడు.

తమ్ముడు బల్లమీది వరసని తీసుకున్నాడు. వేదిక మెట్ల దాకా వచ్చి, పై మెట్టు మీద కూచున్నాడు, వంటగదిలో పీట మీద కూచున్నట్టే, మోకాళ్ళు దూరంగా పెట్టుకుని. చెయ్యి చాచాడు.

"రా అక్కా."

ఆమె వేదిక ఎక్కలేదు. కింది మెట్టు మీద పక్కకి తిరిగి కూచుంది. వరసని పెదవికి ఆనించింది. అతను పిలిచాడు, ఆమె పలికింది. ఊపిరి చాలని చోట అతను ఆగాడు, ఆమె ఆగింది. ఆ ఆగిన చోట హాలంతా ఆగింది. అందరి ఛాతీల్లోనూ ఊపిరి సగంలో నిలబడి, అతను మళ్ళీ పిలిచేదాకా కిందికి దిగలేదు. అతనికి తక్కువైన ఊపిరిని ఇంతమందీ తలా కాస్త పట్టుకుని ఉన్నట్టు ఉంది. పాట మెట్ల మీద, ఇద్దరికీ చెందని చోట, నిలబడి తిరుగుతోంది. ఒక్కో ఖాళీకి అది చిన్నదవడం లేదు. పెద్దదవుతోంది. చివరి స్వరం ఆమెది. పలికి, వరస దించింది. చప్పట్లు వెంటనే రాలేదు. అంతసేపు ఎవరూ కదలకపోవడం తను ఎక్కడా చూడలేదని గడియారాలాయన తర్వాత వీధంతా చెప్పుకున్నాడు.

కార్యదర్శి కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది గానీ, చోటు మాత్రం ఎక్కణ్ణుంచి తేను అన్నట్టు చేతులు నలుపుకుంటూ నిలబడింది. శబ్దాలాయన తీగలు చుట్టుకుంటున్నాడు.

"పెట్టే లేకపోయాక పెట్టె మోసేవాడెందుకండీ?" అన్నాడు. "నా చోటు అక్కగారికి రాసెయ్యండి. నాకు ప్రయాణాలు పడవు, కడుపులో తిప్పుతుంది."

*

సంచిలో చోటు చెయ్యడానికి సూదక్క అన్నీ మళ్ళీ బయటికి తీసి మళ్ళీ పెట్టింది. తనవి రెండు జతల బట్టలు, ఒక ఉన్ని శాలువ, సూదుల డబ్బా. పొయ్యి ఆర్పానా అని చూసి, కిటికీ గడియ చూసి, తాళం వేసి, తాళం లాగి చూసి, నాలుగు మెట్లు దిగి మళ్ళీ వెనక్కెళ్ళి లాగి చూసింది. గడియారాలాయన సంచి మోస్తూ, ఇదేనా కొండలెక్కే వేగం, మీరు చేరేసరికి కొండలు అరిగిపోతాయి అని ఏడిపించాడు. దారిపొడుగునా ఆమె తమ్ముడి భుజాలనే కనిపెట్టుకుని ఉంది. ఎక్కడ అతను ఆగితే అక్కడ ముందుగా తనే ఆగి, కాళ్ళు లాగుతున్నాయిరా అనేది. అనేటప్పుడు ఆమె ఊపిరి కూడా గరగరమనేది.

అన్ని ఊళ్ళలోనూ వాయించారు. కొండల ఊళ్ళో ఎండపూట, ఒక రాతి అరుగు మీద వాయించారు. అక్కడి ముసలివాళ్ళు దగ్గరగా వచ్చి నిలబడి విన్నారు. పాట అయ్యాక తమ్ముడితో ఏమీ అనలేదు, ఆమె దగ్గరికొచ్చి ఆమె చేతుల్ని తమ నుదుళ్ళకి ఆనించుకున్నారు.

తమ్ముడు వానలు తగ్గిన నెలలో ఒక్కడే ఇంటికొచ్చాడు. సూదక్క రాలేదు. కొండల ఊళ్ళో కచేరీ అయిన మర్నాడు పొద్దున, తమ్ముడి కోటుకి గుండీ కుడుతూ కూచున్నచోటే పోయింది.